ఇద్దరు పాదిర్లు, ఇరవై పౌన్లు

ఈసారి రాసింది కొంచెం పొడుగైంది. ఓపిక ఉన్నప్పుడు చదవండి. తెలియని మాట దగ్గర ఆగాల్సి వస్తే ఆగండి. రాసేటప్పుడు నేనూ చాలా చోట్ల ఆగాను.

మా అవ్వ ఒక మాట తరచుగా అనేది. అవ్వ అంటే మా నాన్న వాళ్ళ అమ్మ. చిత్తూరు వైపు నుంచి నాటాల్ వచ్చిన మా ఇళ్ళలో నాయనమ్మ అనే మాట లేదు, అవ్వే. ఆమె అనే మాట ఇది: "ఒక పాదిరాయన మనల్ని పొమ్మన్నాడు, ఇంకో పాదిరాయన ఉండమన్నాడు. మా పెద్దనాయన మొదటాయన మాట విన్నాడు."

అంతే. ఆ తర్వాత ఇంకేమీ చెప్పేది కాదు. చాట్స్‌వర్త్‌లో మా ఇంటి వెనక మెట్ల మీద కూర్చొని కరివేపాకు దూస్తూ ఈ మాట అని, లేచి లోపలికి పోయేది. చిన్నప్పుడు నేను ఏమనుకున్నానంటే, పాత డర్బన్‌లో, మ్యాగజైన్ బ్యారెక్స్‌లో, మావాళ్ళ గది తలుపు దగ్గరికి తెల్ల అంగీలు వేసుకున్న ఇద్దరు మనుషులు వచ్చారని. ఒకాయన వేలితో సముద్రం వైపు చూపించాడని. ఇంకొకాయన గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడని.

వాళ్ళు ఎవరో తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఇద్దరూ చరిత్ర పుస్తకాల్లో ఉన్నవాళ్ళే. మా గుమ్మం దగ్గరికి ఇద్దరూ రాలేదు.

ముందు మాట సంగతి చూద్దాం, ఎందుకంటే ఈ కథంతా ఒక మాట చుట్టూనే తిరుగుతుంది. ఇంగ్లీషులో మినిస్టర్ అంటే ప్రభుత్వంలో మంత్రి. చర్చిలో బోధకుడు కూడా మినిస్టరే. లాటిన్‌లో ఆ మాటకి అసలు అర్థం సేవకుడట. తెలుగులో ఈ ఇబ్బంది లేదు. మంత్రి వేరు, పాదిరి వేరు. పాదిరి అనేది పోర్చుగీసు వాళ్ళ నుంచి మనకి వచ్చిన మాట. మా ఇల్లు హిందువుల ఇల్లు కాబట్టి అవ్వకి మెడ చుట్టూ తెల్ల కాలరు ఉన్నవాడల్లా పాదిరే. మా పక్కింటి తెలుగు బాప్టిస్టు వాళ్ళు మాత్రం ఆ మాట వాడరు. వాళ్ళు అయ్యగారు అంటారు. ఆఫ్రికాన్స్ కూడా ఈ విషయంలో తెలుగులాంటిదే. చర్చిలో ఉండేవాడు డొమినీ, ప్రభుత్వంలో ఉండేవాడు మినిస్టర్. రెండు మాటలు.

అవ్వ చెప్పిన మొదటి పాదిరికి ఈ రెండు మాటలూ సరిపోయాయి. ఆయన డి.ఎఫ్. మలాన్.

మలాన్ పేరు చెప్పగానే ఇక్కడ పెరిగిన ఎవరికైనా 1948 గుర్తొస్తుంది. అపార్తైడ్ పేరుతో ఎన్నికల్లో గెలిచి ప్రధానమంత్రి అయిన ముసలాయన, గుండ్రటి కళ్ళజోడు, నవ్వని ముఖం. కానీ ఆయన అంతకు ఎంతో ముందే మన జీవితాల్లోకి వచ్చాడు. 1874లో కేప్ వైపు రీబెక్ వెస్ట్ అనే చిన్న ఊరి దగ్గర పుట్టాడు. జాన్ స్మట్స్ కూడా అక్కడివాడే, నాలుగేళ్ళు పెద్ద. సండే స్కూల్లో స్మట్స్ మలాన్‌కి పాఠాలు చెప్పాడంటారు. తర్వాత జీవితమంతా ఈ ఇద్దరూ రాజకీయాల్లో ఎదురెదురుగా నిలబడ్డారు.

మలాన్ హాలండ్‌లోని ఉట్రెక్ట్ వెళ్ళి చదివి 1905లో డాక్టర్ పట్టం తెచ్చుకున్నాడు. ఆయన పరిశోధన బర్క్‌లీ అనే తత్వవేత్త మీద. చూసేవాడు లేకుండా వస్తువు లేదు అని చెప్పిన బర్క్‌లీ గురించి. ఆ బర్క్‌లీ కూడా ఒక బిషప్పే. తర్వాత మలాన్ డచ్ రిఫార్మ్‌డ్ చర్చిలో డొమినీ అయ్యాడు. మాంటగూలో కొన్నేళ్ళు, గ్రాఫ్ రైనెట్‌లో రెండేళ్ళు ప్రసంగాలు చేశాడు. 1915లో ప్రసంగ వేదిక దిగి, కేప్‌టౌన్‌లో కొత్తగా మొదలైన దె బర్గర్ అనే పత్రికకి సంపాదకుడయ్యాడు. 1918లో పార్లమెంటుకి వెళ్ళాడు. 1924లో హెర్ట్‌సోగ్ ప్రభుత్వం వచ్చినప్పుడు హోం శాఖ, విద్య, ప్రజారోగ్యం మూడూ ఆయన చేతికి వచ్చాయి. అలా డొమినీ మినిస్టర్ అయ్యాడు.

ఇక్కడ నేను కొంచెం ఆగుతాను. మలాన్‌ని ఊరికే దుర్మార్గుడిగా రాసేస్తే నాకు తేలికే, చదివే మీకూ తేలికే. కానీ ఆయన జీవితం చదువుతుంటే నాకు ఇబ్బందిగా అనిపించిన చోటు ఒకటుంది. ఆయనకి తన భాష అంటే ప్రాణం. ఆఫ్రికాన్స్‌ని వంటింటి భాష అని ఎగతాళి చేసిన కాలం అది. బడిలో ఇంగ్లీషు, కోర్టులో ఇంగ్లీషు, చర్చిలో హాలండ్ డచ్చి. ఇంట్లో అమ్మ మాట్లాడే భాషకి ఎక్కడా చోటు లేదు. 1925 మే నెలలో ఆఫ్రికాన్స్‌ని దేశ అధికార భాషగా చేసిన చట్టం వచ్చింది. దాన్ని నడిపించినవాడు మలాన్. ఆయన చెప్పిన కారణాలు ఈ రోజు మనం తెలుగు గురించి చెప్పుకునే కారణాల్లాగే ఉంటాయి. పొలాలు పోగొట్టుకొని పట్నాలు చేరిన బీద ఆఫ్రికానర్ల గురించి కూడా ఆయన నిజంగా బాధపడ్డాడు, పత్రికలో వ్యాసాలు రాశాడు. తన మందని వదలని కాపరి.

ఆ చట్టం మే నెలలో. అదే సంవత్సరం జూలైలో అదే మలాన్ ఇంకో బిల్లు పార్లమెంటులో పెట్టాడు. దాని పేరే ఒక పేరా ఉంటుంది: ఏరియాస్ రిజర్వేషన్ అండ్ ఇమిగ్రేషన్ అండ్ రిజిస్ట్రేషన్ బిల్లు. సారం ఏమిటంటే, భారతీయులు ఉండడానికి, వ్యాపారం చెయ్యడానికి పట్నాల్లో వేరే చోట్లు గీయడం, బయటినుంచి వచ్చే భార్యాపిల్లలకి దారి ఇంకా ఇరుకు చెయ్యడం. బిల్లు పెడుతూ ఆయన దాచకుండా చెప్పాడు. భారతీయులు ఈ దేశంలో పరాయివాళ్ళనీ, వాళ్ళ సంఖ్య బాగా తగ్గితే తప్ప ఏ పరిష్కారమూ ఒప్పుకోలేమనీ.

అప్పటికి మనవాళ్ళు ఇక్కడికి వచ్చి అరవై అయిదేళ్ళు. మొదటి ఓడ ట్రూరో మద్రాసు నుంచి బయల్దేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. దానిలో తమిళులు, తెలుగువాళ్ళు. చెరుకు తోటలకి కూలీలుగా మనుషులని తేవడం 1911లో ఆగిపోయింది. 1925 నాటికి ఇక్కడ ఉన్న భారతీయుల్లో చాలామంది ఇక్కడే పుట్టినవాళ్ళు. మా అవ్వ వాళ్ళ నాయన, పెద్దనాయన ఇద్దరూ ఇక్కడే పుట్టారు. చిత్తూరు వాళ్ళు చూడలేదు. డర్బన్ కార్పొరేషన్‌లో పనిచేసేవాళ్ళు. పరాయివాళ్ళు అన్నప్పుడు మలాన్ చెప్పింది వీళ్ళ గురించే.

ఇప్పుడు రెండో పాదిరి. చార్లెస్ ఫ్రీర్ ఆండ్రూస్. 1871లో ఇంగ్లండులో, న్యూకాసిల్‌లో పుట్టాడు. ఆంగ్లికన్ చర్చిలో పాదిరి అయ్యి, 1904లో ఢిల్లీ సెయింట్ స్టీఫెన్స్ కాలేజీలో పాఠాలు చెప్పడానికి ఇండియా వచ్చాడు. గాంధీ ఇక్కడ సత్యాగ్రహం నడుపుతున్నప్పుడు, 1914 జనవరిలో, పియర్సన్ అనే స్నేహితుడితో కలిసి డర్బన్ రేవులో దిగాడు. గాంధీ ఎవరని అడిగి, చూపించగానే వంగి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాడు. ఒక తెల్లవాడు, అదీ పాదిరి, ఒక భారతీయుడి కాళ్ళు ముట్టుకోవడం చూసి డర్బన్ తెల్లవాళ్ళు మండిపడ్డారు. మన ఇళ్ళలో పండగ రోజు పెద్దవాళ్ళ కాళ్ళకి దణ్ణం పెట్టడం మామూలే కదా. ఆ మామూలు పని ఆ రేవులో అంత పెద్దదైంది.

నన్ను ఆశ్చర్యపెట్టిన సంగతి ఇంకోటి. ఆండ్రూస్ 1914లోనే పాదిరి పనుల నుంచి తప్పుకున్నాడు. చర్చి చెప్పే కొన్ని నమ్మకాలని నోటితో పలకలేనని మానేసి, శాంతినికేతనంలో టాగూరు దగ్గర చేరాడు. మలాన్ ప్రసంగ వేదిక దిగింది 1915లో. ఒక ఏడాది తేడాతో ఇద్దరూ చర్చి పని వదిలేశారు, ఇద్దరూ దేవుణ్ణి వదల్లేదు. అవ్వ ఇద్దరినీ పాదిరి అనేసింది కానీ, మా కథలోకి వచ్చేసరికి ఇద్దరిలో ఎవ్వరూ చర్చి నడపడం లేదు.

అసలు చర్చి నడిపిన మన పాదిరి ఒకాయన ఉన్నాడు, ఆయన పేరు చెప్పకుండా వెళ్తే మా పక్కింటి వాళ్ళు ఊరుకోరు. జాన్ రంగయ్య. నెల్లూరు నుంచి 1903లో నాటాల్ వచ్చాడు. ఆయన్ని పంపింది ఏ తెల్లవాళ్ళ మిషనూ కాదు, తెలుగు బాప్టిస్టుల సొంత సంఘం. స్టాంగర్ దగ్గర కియర్స్‌నీలో హులెట్ దొర తేయాకు తోట ఉండేది. అక్కడి తెలుగు కూలీలతో అదే సంవత్సరం చర్చి మొదలుపెట్టాడు. 1915లో చనిపోయాడు. చందాలు వేసుకొని, సముద్రం అవతల ఉన్న తమ కూలీల కోసం నెల్లూరు వాళ్ళు ఒక మనిషిని పంపారని చదివినప్పుడు, క్రైస్తవుణ్ణి కాకపోయినా నాకు గర్వంగా అనిపించింది. సరే, మళ్ళీ దారిలోకి వస్తాను.

మలాన్ బిల్లు వార్త ఇండియా చేరగానే గొడవ మొదలైంది. సరోజినీ నాయుడు అంతకు ముందు ఏడాదే ఇక్కడ తిరిగి ప్రసంగాలు చేసి వెళ్ళింది కాబట్టి అక్కడివాళ్ళకి మన సంగతి కొత్త కాదు. 1925 చివర్లో ఇండియా ప్రభుత్వం పాడిసన్ అనే అధికారి నాయకత్వంలో ఒక బృందాన్ని పంపింది. ఆండ్రూస్ కూడా మళ్ళీ వచ్చాడు. ఆయనకి ఏ పదవీ లేదు. మంత్రుల్ని కలవడం, పత్రికలకి రాయడం, చర్చి పెద్దలతో మాట్లాడడం, ఇదే పని. మంత్రి దగ్గరికి ఒకప్పటి డొమినీగా కూడా వెళ్ళగలిగాడు. ఇద్దరికీ ఒకే బైబిలు. అధికారుల కాగితాలకి లేని దారి అది.

1926లో బిల్లు వాయిదా పడింది. ఆ ఏడాది డిసెంబరు 17న కేప్‌టౌన్‌లో రెండు ప్రభుత్వాల సమావేశం మొదలైంది. ఆ పక్క మలాన్ ముందుండి నడిపాడు. ఇండియా పక్క సర్ మహమ్మద్ హబీబుల్లా నాయకుడు, ఆయనతో శ్రీనివాస శాస్త్రి ఇంకా కొందరు. ఆండ్రూస్ బల్ల దగ్గర కూర్చోలేదు, బయట ఉండి ఇద్దరి మధ్యా తిరిగాడు. 1927 ఫిబ్రవరి 21న ఒప్పందం రెండు దేశాల్లో ఒకే రోజు ప్రకటించారు. బిల్లు పోయింది. గాంధీ కూడా దీన్ని గౌరవమైన రాజీ అని ఒప్పుకున్నాడు. మనవాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు.

కానీ ఒప్పందానికి రెండు సగాలు ఉన్నాయి, రెండూ మా ఇంట్లోకి వచ్చాయి.

మొదటి సగం పోయేవాళ్ళ కోసం. ఇండియాకి తిరిగి వెళ్ళే ప్రతి పెద్ద మనిషికీ ఇరవై పౌన్లు, పదహారేళ్ళ లోపు పిల్లలకి పది పౌన్లు, ఓడ టికెట్టు ఉచితం. వెళ్ళాక మూడేళ్ళ లోపు తిరిగి రావచ్చు, కానీ ముందు ఆ డబ్బు, టికెట్టు ఖర్చుతో సహా, మొత్తం కట్టాలి. మూడేళ్ళు దాటితే ఈ దేశంలో ఉండే హక్కు పోతుంది. దీనికి సహాయంతో వలస అని పేరు పెట్టారు. ఎవరినీ బలవంతం చెయ్యలేదు. మలాన్ కోరిన తగ్గింపు ఇలా వచ్చింది.

రెండో సగం ఉండేవాళ్ళ కోసం. పాశ్చాత్య జీవన పద్ధతికి తగ్గట్టు బతకడానికి సిద్ధంగా ఉన్న భారతీయులకి ఆ అవకాశం ఇవ్వాలి అని రాశారు. చదువు, ఇళ్ళు, ఆరోగ్యం బాగుచెయ్యాలని. ఆ మాట మీదే తర్వాత ఏజెంటుగా వచ్చిన శ్రీనివాస శాస్త్రి మనవాళ్ళ దగ్గర చందాలు పోగుచేసి డర్బన్‌లో శాస్త్రి కాలేజీ కట్టించాడు. 1929లో తెరిచారు. ఎంతోమంది డాక్టర్లు, టీచర్లు అక్కడినుంచే వచ్చారు. అంతా ఇంగ్లీషులో. తప్పు అనను. మా నాన్న తరం ఇంగ్లీషు చదవకపోతే నేను ఈ కుర్చీలో కూర్చునేవాణ్ణి కాదు. కానీ ఉండాలంటే పడమటి పద్ధతికి మారాలి, లేకపోతే ఓడెక్కాలి అని ఒక కాగితం చెప్పిందంటే, వంటింట్లో తెలుగు వంటింట్లోనే ఉండిపోవడంలో వింతేముంది? నేను నలభై దాటాక అ ఆ లు దిద్దుకోవడానికి ఇదొక్కటే కారణం కాదు, తెలుసు. ఇదొకటి.

ఆఫ్రికాన్స్‌ని వంటింట్లోంచి పార్లమెంటుకి తెచ్చిన మనిషే ఈ కాగితం మీద కూడా పనిచేశాడు. ఆయన మందలో మేము లేము, అంతే.

ఆండ్రూస్ సంగతి కూడా అవ్వ చెప్పినంత తేలిక కాదు. ఉండమన్నాడు అనేది పూర్తిగా నిజం కాదు. 1920లో ఇక్కడికి వచ్చినప్పుడు, ఇష్టమున్నవాళ్ళు ఇండియాకి తిరిగి వెళ్ళడం మంచిదే అని ఆయనే చెప్పాడు. మన నాయకులు ఆయన్ని గట్టిగా తప్పుపట్టారు. తర్వాత, తిరిగి వెళ్ళినవాళ్ళు కలకత్తాలో, మద్రాసులో ఎలా ఉన్నారో చూశాక ఆయన మనసు మారింది. కలకత్తా దగ్గర మటియాబుర్జ్ అనే చోట ఫిజీ, ట్రినిడాడ్, ఇంకా ఎన్నో దేశాల నుంచి తిరిగివచ్చిన కూలీలు, ఊళ్ళలో ఇమడలేక, మళ్ళీ ఓడ దొరుకుతుందేమో అని రేవు పక్కనే గుడిసెల్లో ఎదురుచూసేవారు. సముద్రం దాటి వచ్చారని ఊరు కులంలో కలుపుకోదు, పిల్లలకి ఆ ఎండ పడదు, చేసే పని తెలియదు. ఇది చూసినవాడు కూడా 1927 ఒప్పందాన్ని మెచ్చుకున్నాడు, ఎందుకంటే బిల్లు పోవడం ఆయనకి పెద్ద విషయం. పోల్చి చూస్తే నిజంగానే పెద్దదే. ఇరవై పౌన్ల భాగం దానికి కట్టిన ధర. ఆ ధర కట్టింది ఆయన కాదు, మలాన్ కాదు.

మా అవ్వ వాళ్ళ పెద్దనాయన 1928 మార్చిలో భార్యనీ ఇద్దరు పిల్లల్నీ తీసుకొని ఓడెక్కాడు. ఇరవై, ఇరవై, పది, పది. అరవై పౌన్లు. కార్పొరేషన్ పనిలో అంత డబ్బు ఒకేసారి చేతిలో పడటం ఆయన ఎప్పుడూ చూసి ఉండడు. ఎందుకు వెళ్ళాడు అని మా ఇంట్లో రకరకాలుగా చెప్తారు. తమ్ముడితో మాట పట్టింపు అంటారు కొందరు. వాళ్ళ నాయన చచ్చిపోయే ముందు ఊరు ఊరు అని కలవరించాడట, అందుకని అంటారు ఇంకొందరు. ఎవరూ తొయ్యలేదు, ఎవరూ మోసం చెయ్యలేదు. రెండు కారణాలూ నిజం కావచ్చు.

మొదటి ఏళ్ళలో అలా వేలమంది వెళ్ళారు. 1931లో భవానీ దయాళ్ సన్యాసి, బనారసీదాస్ చతుర్వేది కలిసి ఇండియా అంతా తిరిగి, తిరిగొచ్చినవాళ్ళ కష్టాల మీద ఒక నివేదిక వేశారు. భవానీ దయాళ్ జోహన్నెస్‌బర్గ్‌లో పుట్టినవాడు, తన మనుషుల సంగతి తనకి తెలుసు. ఆ తర్వాత కొత్తగా వెళ్ళేవాళ్ళు తగ్గిపోయారు.

ఈ కథలో నిజమైన మంత్రి, మన మంత్రి, ఒకాయన కూడా ఉన్నాడు. ఏలూరులో పుట్టిన కూర్మా వెంకటరెడ్డి నాయుడు. వకీలు, జస్టిస్ పార్టీ మనిషి. 1920 నుంచి 1923 దాకా మద్రాసు ప్రభుత్వంలో మంత్రిగా చేశాడు. 1929లో శాస్త్రి తర్వాత ఇండియా ఏజెంటుగా ఇక్కడికి వచ్చి 1932 దాకా ఉన్నాడు. తెలుగువాడు అంత పెద్ద పదవిలో డర్బన్ వీధుల్లో కనిపించడం అదే మొదలు. అప్పటిదాకా తెల్లవాళ్ళ లెక్కలో మేమంతా మద్రాసువాళ్ళం, తమిళులకీ మాకూ తేడా ఎవరికీ పట్టదు. 1931లో, ఆయన ఇక్కడ ఉన్న కాలంలోనే, దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ మొదలైంది. నేను తెలుగు నేర్చుకున్న మొదటి పుస్తకం ఆ సభ పరీక్షల కోసం వేసిన పలుచటి పుస్తకం. ఏనుగు బొమ్మ పక్కన ఏ అని ఉంటుంది.

1932లో కేప్‌టౌన్‌లో రెండో సమావేశం జరిగింది. మళ్ళీ మలాన్, మళ్ళీ శాస్త్రి, ఈసారి సరోజినీ నాయుడు, వెంకటరెడ్డి నాయుడు కూడా. అక్కడ రెండు ప్రభుత్వాలూ ఒప్పుకున్న విషయం ఏమిటంటే, ఈ సహాయంతో వలస పథకం ఇంక దాదాపు అయిపోయినట్టే. కారణం, ఇక్కడి భారతీయుల్లో నూటికి ఎనభైమంది ఇక్కడే పుట్టినవాళ్ళు. ఆ వాక్యం చదివి నేను పుస్తకం మూసి కాసేపు బయట నడిచొచ్చాను. ఇక్కడే పుట్టినవాళ్ళు అని తెలియడానికి ఏడేళ్ళు, రెండు సమావేశాలు కావాలా?

మలాన్ 1933లో ప్రభుత్వం నుంచి బయటికొచ్చి తన పార్టీ వేరు చేసుకున్నాడు. 1948 సంగతి మీకు తెలుసు. 1950లో గ్రూప్ ఏరియాస్ చట్టం వచ్చింది. 1927లో వెనక్కి తీసుకున్న బిల్లు ఆలోచనే ఇంకా పెద్దదై, పళ్ళు పెట్టుకొని వచ్చింది. మావాళ్ళు మ్యాగజైన్ బ్యారెక్స్ వదిలి చాట్స్‌వర్త్ వచ్చింది దాని వల్లే. ఆండ్రూస్ అది చూడలేదు, 1940లో కలకత్తాలో చనిపోయాడు.

ఇక ఉత్తరాల సంగతి. అవ్వ ట్రంకు పెట్టెలో, పెళ్ళి చీర కింద, మూడు ఉత్తరాలు ఉన్నాయి. పెద్దనాయన తన తమ్ముడికి, అంటే అవ్వ వాళ్ళ నాయనకి, రాసినవి. అవ్వకి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. మా నాన్నకి రెండూ సగం సగం. నేను తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టిందే వీటి కోసం. చదవగలిగేసరికి అవ్వ లేదు.

కలిపి రాసిన చేతి రాత. పుస్తకం తెలుగు చదివిన నాకు మొదటి పేజీకి మూడు వారాలు పట్టింది. మొదటి ఉత్తరంలో అంతా బాగున్నారని, ఊరి గుడి తాము అనుకున్నంత పెద్దది కాదని ఉంది. రెండోది 1930లో. బావిలో నీళ్ళు లేవు, అరవై పౌన్లలో మిగిలింది ఏమీ లేదు, తిరిగి రావాలంటే అంతా కట్టమంటున్నారు, నువ్వేమైనా పంపగలవా అని. గడువు వచ్చే మార్చి దాకానే అని.

మూడోది చిన్నది. అదే ఏడాది చివర్లో రాసింది. జ్వరంతో చిన్నపిల్ల చనిపోయిందని రెండు వాక్యాలు. దాని కింద ఒక వాక్యం: చిన్నదాని భాగం తీసేస్తారంట. ఈ వాక్యం నాకు ఎంతకీ అర్థం కాలేదు. మీలో నాలాగా నేర్చుకుంటున్నవాళ్ళకి చెప్తున్నాను, చివర అంట అని వస్తే అది రాసేవాడి సొంత మాట కాదు, ఎవరో చెప్పగా విన్న మాట. అది తెలుసు నాకు. కానీ ఎవరు తీసేస్తారు? ఏ భాగం? పిల్లకి ఆస్తిలో వాటా ఏదో ఉందేమో అనుకున్నాను. శవాన్ని కోశారేమో అని కూడా ఒక రాత్రి అనిపించి నిద్ర పట్టలేదు. రాజమండ్రిలో ఉండే నా స్నేహితురాలు, నా తప్పులు దిద్దే టీచరమ్మ, ఆమెకీ అర్థం కాలేదు.

పోయిన ఏడాది లైబ్రరీలో 1927 ఒప్పందం పూర్తి పాఠం చదివాను. తిరిగివచ్చేవాళ్ళు డబ్బు మొత్తం కట్టాలి అని ఉన్న చోటే, కింద ఒక మినహాయింపు ఉంది. ఈ మధ్యలో కుటుంబంలో ఎవరైనా చనిపోయినా, కూతురు అక్కడే పెళ్ళి చేసుకొని ఉండిపోయినా, ఆ మనిషి వంతు తగ్గిస్తారు. వేరే అనుకోని కష్టాలు వస్తే మంత్రిగారి ఇష్టం.

ఇంటికొచ్చి ఉత్తరం మళ్ళీ తీశాను. ఆ వాక్యం కింద, కాగితం మూలన, నేను ఇన్నాళ్ళూ ఏదో సంతకం, గీతలు అనుకున్నవి ఉన్నాయి. తెలుగు అంకెలు. వాటిని నేర్చుకోవాలని నాకు ఎప్పుడూ తోచలేదు, ఈ రోజుల్లో ఎవరూ వాడరు కదా. పట్టిక పక్కన పెట్టుకొని ఒక్కొక్కటీ చూసి రాసుకున్నాను. పైన ౬౦. దాని కింద ౧౦. ఒక గీత. గీత కింద ౫౦.